కీయా కొరికిన పైకప్పు కింద 14 రోజులు

వ్యాన్ తాళాలు చేతికిచ్చే ముందు అద్దె సంస్థ మనిషి మాకు ఇరవై నిమిషాలు పాఠం చెప్పాడు. గ్యాస్ ఎక్కడ కట్టాలి, తాగే నీళ్లు ఏ మూత తీసి నింపాలి, వాడిన నీళ్లను ఏ గొట్టం నుంచి వదలాలి, మరుగుదొడ్డి పెట్టెను బయటికి ఎలా లాగాలి, ఇంజను బ్యాటరీ ఏది, లోపలి దీపాల బ్యాటరీ ఏది. నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను. తమ్ముడు ఫోనులో వీడియో తీశాడు. చివర్లో ఆయన తలెత్తి, పడక మీదుగా ఉన్న పైకప్పు కిటికీని చూపించి, "కీయాలు ఉన్న చోట బండిని వదిలి దూరంగా వెళ్లకండి" అన్నాడు. కీయా అంటే అక్కడి కొండ చిలుక. ఆ ఒక్క మాట నేను రాసుకోలేదు. వీడియోలో మాత్రం ఉంది. దాన్ని మేము తొమ్మిది రోజుల తర్వాత, తడిసిన పరుపు పక్కన కూర్చుని మళ్లీ చూశాం.

న్యూజిలాండ్ దక్షిణ దీవి చుట్టూ జనవరిలో చేసిన ప్రయాణం ఇది. క్రైస్ట్‌చర్చ్‌లో మొదలుపెట్టి, ఆర్థర్స్ పాస్ కనుమ దాటి పశ్చిమ తీరానికి, అక్కడి నుంచి హాస్ట్ మీదుగా దక్షిణానికి, మిల్ఫర్డ్ సౌండ్ అనే సముద్రపు పాయ చూసి, కాట్లిన్స్ తీరం వెంట ఓమరూకు, తిరిగి క్రైస్ట్‌చర్చ్‌కు. అక్కడా ఎడమవైపే నడపాలి కాబట్టి తమ్ముడికి భయం లేదు. బండి ఆరు మీటర్లకు పైగా పొడవు. వాడు నడిపాడు, నేను దారి చూశాను, వంట చేశాను, పక్షుల పుస్తకం చదివాను. మా ఇద్దరిలో జంతువుల గురించి తెలిసినదాన్ని నేనే అనుకున్నాను. జరిగిన పొరపాట్లలో చాలావరకు నావి కావడానికి అదొక కారణం.

మొదటి పొరపాటు ఊరు దాటకముందే జరిగింది. రౌండ్‌అబౌట్ దగ్గర బండి తిరగగానే వంటగది సొరుగులన్నీ ఒకేసారి తెరుచుకుని గిన్నెలు, గరిటెలు, పళ్లేలు నా వెనక కుప్పగా పడ్డాయి. ప్రతి సొరుగుకూ నొక్కి పెట్టే గుండీ ఉంటుంది, అది లోపలికి వెళ్లే దాకా నొక్కకపోతే సొరుగు మూసినట్టు కనిపిస్తుందే గాని మూసుకోదు. ఆ రోజు నుంచి బయలుదేరే ముందు ఒకరు చదవడం, ఒకరు చేయడం అనే పద్ధతి పెట్టుకున్నాం. సొరుగులు, గ్యాస్ వాల్వు, పైకప్పు కిటికీ, కరెంటు తీగ, మెట్టు. ఈ ఐదూ చదవకుండా తాళం తిప్పకూడదు. తిప్పకూడదు అనుకున్నాం గాని, మూడో రోజు తీగ ఊడదీయకుండానే బండి కదిలించాం. ప్లగ్గు ఊడి వచ్చింది, అదృష్టవశాత్తు తెగలేదు. చివర్లో ఈ పట్టీకి ఆరో మాట చేరింది. దాని గురించి తర్వాత చెప్తాను.

ఆర్థర్స్ పాస్ ఊళ్లో బండి ఆపి టీ పెడుతుంటే మొదటి కీయాను చూశాను. ప్రపంచంలో మంచు కొండల చిలుకగా పేరున్నది ఇదొక్కటే. కాకి కన్నా పెద్దది, ఒంటి రంగు ఆలివ్ ఆకుపచ్చ. రెక్క విప్పితే అడుగున నారింజ ఎరుపు మంటలా కనిపిస్తుంది. దాని అరుపే దాని పేరు. నేను పక్క తలుపు పూర్తిగా తెరిచాను. ఫొటో కోసం అని తమ్ముడికి చెప్పానుగాని, నిజానికి అది లోపలికి రావాలని నా కోరిక. వచ్చింది. మెట్టెక్కి, తల ఒక పక్కకు వంచి, మమ్మల్ని ఇద్దరినీ చూసి, నేరుగా సింకు దగ్గరకు వెళ్లి, రబ్బరు మూతను ముక్కుతో తీసుకుని అంతే నిదానంగా దిగి వెళ్లిపోయింది. మిగిలిన ప్రయాణమంతా సింకులో నీళ్లు నిలపడానికి ఒక గిన్నె బోర్లించుకున్నాం.

పక్క బండిలో ఉన్న పెద్దావిడ ఇదంతా చూసి మా దగ్గరకు వచ్చారు. కోపంగా లేరు, కాని ఆవిడ మాటలు నాకు గట్టిగా తగిలాయి. "మీ బండిలోకి రమ్మంటే వచ్చింది. రేపు ఎవరి బండి కిందికో వెళ్తుంది" అన్నారు. అడవిలో మిగిలిన కీయాలు 3,000 నుంచి 7,000 దాకా ఉంటాయని అంచనా. ఒకప్పుడు గొర్రెల మీద పడి పొడుస్తాయన్న కారణంతో వీటి తలకు ప్రభుత్వమే వెల కట్టింది. 1860ల నుంచి 1970 వరకు లక్షా యాభై వేలకు పైగా కీయాలను చంపారు. పూర్తి రక్షణ వచ్చింది 1986లో. ఇప్పుడు వాటిని చంపుతున్నవాటిలో స్టోట్‌లు (ముంగిసలా సన్నగా ఉండే వేట జంతువులు), రోడ్లు, సీసం ముఖ్యమైనవి. పాత ఇళ్ల రేకులకు సీసపు తలల మేకులు ఉండేవి. సీసం రుచి తియ్యగా ఉంటుందట, అందుకని అవి ముక్కుతో పీకి నమిలేవి. ఒంట్లో సీసం చేరితే మెల్లగా నరాలు దెబ్బతింటాయి. కొత్తదేదైనా కనిపిస్తే నోట పెట్టుకుని చూడటం వాటి స్వభావం. తిండి దొరకడం కష్టమైన కొండల్లో ఆ కుతూహలమే వాటిని బతికించింది. మనుషుల దగ్గర అదే వాటికి ప్రాణం మీదికి తెస్తోంది. నేను తలుపు తెరిచి ఆ కుతూహలాన్నే పిలిచాను. అది నాకు ఆ పూటంతా మింగుడు పడలేదు.

ఊరు దాటి కనుమ ఎక్కితే, ఆ తర్వాత కొండ దిగడమే. ఒటీరా వైపు దారి నిట్టనిలువు. 1999లో కట్టిన పొడవైన వంతెన వచ్చాక పాత మలుపులు పోయాయి, ఏటవాలు మాత్రం అలాగే ఉంది. తమ్ముడు బ్రేకు మీదే కాలు ఉంచి దిగాడు. కింద చదును రాకముందే కాలిన వాసన వచ్చింది. పక్కన ఆపి అరగంట ఆగాం, చక్రాల దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి. ఇంత బరువున్న బండిని చిన్న గేరులో ఇంజనే పట్టుకోవాలి, బ్రేకు అప్పుడప్పుడే వాడాలి. తెలిసిన విషయమే, కాని తెలిసిన కారుకు తెలిసిన విషయం. ఇంత బరువుతో వాడు కొండ దిగడం అదే మొదలు.

పశ్చిమ తీరం గురించి తొందరగా చెప్పేస్తాను. సముద్రం, అడవి, వాన, ఒంటి వరస వంతెనలు. నీలం పలక మీద పెద్ద తెల్ల బాణం మన వైపుది అయితే మనం ముందు, ఎర్ర వలయం కనిపిస్తే ఆగి ఎదుటివారికి దారి ఇవ్వాలి. ఒక చోట ఎర్ర వలయాన్ని నేను ఆలస్యంగా చూశాను. వంతెన మధ్యలో పాల లారీ ఎదురైంది. ఆరు మీటర్ల బండిని వెనక్కి నడపడానికి నేను వానలో దిగి చేతులతో సైగ చేయాల్సి వచ్చింది. లారీ డ్రైవరు చివరి దాకా ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు. ఆ ఓర్పుకు నేను ఈరోజుకూ కృతజ్ఞురాలిని.

వెకాను కూడా అక్కడే చూశాం. కోడంత ఉంటుంది, గోధుమ రంగు, ఎగరలేదు. ఆ దీవుల్లో మనుషులు రాకముందు సముద్రపువి కాని క్షీరదాలంటే గబ్బిలాలు తప్ప ఏవీ లేవు, పాములు లేనే లేవు. నేల మీద వేటాడే క్షీరదం లేని చోట ఎగరాల్సిన అవసరం తగ్గి కొన్ని పక్షులు నేల మీదే స్థిరపడ్డాయి. అందుకే 1837లో బొచ్చు తోలు కోసం ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన, పిల్లి అంత ఉండే పోసమ్‌లు, ఆ తర్వాత తెచ్చిన స్టోట్‌లు వాటి పాలిట యముళ్లయ్యాయి. ఈ వెకా మా మెట్టు మీద పెట్టిన నా చెప్పును పొదలోకి లాక్కుపోయింది. ఈసారి నేను దాని వెంట పరుగెత్తలేదు, పిలవలేదు. కాసేపటికి అదే వదిలేసి వెళ్లింది. రోడ్డు మీద మాత్రం రోజూ చచ్చిన పోసమ్‌లు కనిపించేవి. వాటిని తినడానికి కాహు అనే గద్ద దిగుతుంది. బండి దగ్గరకు వచ్చే దాకా తిండి వదలదు, లేచేటప్పుడు బరువుగా, ఆలస్యంగా లేస్తుంది. రెండో రోజు ఒక గద్ద మా అద్దం అంచుకు జానెడు దూరంలో తప్పించుకుంది. దూరంలో రోడ్డు మీద ముద్ద కనిపిస్తే చాలు, అప్పటి నుంచి తమ్ముడు వేగం సగానికి తగ్గించేవాడు.

అసలు సంగతి మిల్ఫర్డ్ దారిలో జరిగింది.

టీ ఆనౌ నుంచి మిల్ఫర్డ్ సౌండ్‌కు దాదాపు 120 కిలోమీటర్లు. దారి చివర్లో హోమర్ సొరంగం ఉంటుంది. 1935లో పనిలేని కూలీలతో పలుగు పారలతో తవ్వడం మొదలుపెట్టారు, బండ్లకు తెరిచింది 1954లో. 1.2 కిలోమీటర్ల రాతి గుహ, లోపల దారి ఏటవాలుగా దిగుతుంది. సిగ్నల్ దీపాలు పెట్టి ఒక్కో వైపు వంతులవారీగా వదులుతారు. ఎర్ర దీపం పడితే చాలాసేపు ఆగాలి. ముందు పది బండ్లు, మా వెనక ఇంకో పది. చుట్టూ నల్లని రాతి గోడలు, వాటి మీద కరగని మంచు, సన్నని తెల్ల దారాల్లా జలపాతాలు. అందరూ దిగారు. మేమూ దిగి, బండి వదిలి ఒక యాభై అడుగులు నడిచి జలపాతాల వైపు చూస్తూ నిలబడ్డాం.

కీయాలు ఐదు వచ్చాయి. ముందున్న కారులోని కుర్రవాళ్లు అద్దం దించి చిప్స్ ఇచ్చారు. తిండి పెట్టవద్దని అక్కడే పలక ఉంది. నేను వెళ్లి వాళ్లకు చెప్పాలని అడుగు వేశాను. ఆర్థర్స్ పాస్‌లో తలుపు తెరిచినదాన్ని నేనే కదా అనిపించి ఆగిపోయాను. ఆగకుండా ఉండాల్సింది. తప్పు చేసినవాళ్లకే ఆ తప్పు గురించి చెప్పే బాధ్యత ఎక్కువ. ఆ చిప్స్ అయిపోగానే ఐదింటిలో రెండు పక్క బండ్ల మీదికి ఎగిరాయి.

తమ్ముడే మొదట చూశాడు. "అక్కా, మన బండి మీద ఉన్నాయి" అని పరుగెత్తాడు. నిచ్చెన మీద రెండు మెట్లెక్కి చూస్తే, పైకప్పు కిటికీ అంచు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీని ఒక కీయా మొన దగ్గర పట్టి లాగుతోంది, రెండోది ఊడిన చివరను కాలితో తొక్కి పట్టుకుంది. ఇద్దరు మనుషులు కలిసి చేసే పనిలా ఉంది. మమ్మల్ని చూసి భయపడలేదు. తమ్ముడు చప్పట్లు కొడితే అడుగు జరిగి మళ్లీ మొదలుపెట్టాయి. పచ్చ దీపం పడి బండ్లు కదిలాకే లేచాయి, ఆ రెక్కల అడుగు రంగు సొరంగం నల్లటి నోటి ముందు ఒక్క క్షణం వెలిగింది. అంత నష్టం జరిగిందని తెలిసి కూడా నేను చూపు తిప్పుకోలేకపోయాను. ఇదే దారిలో రోడ్డు పనివాళ్లు పెట్టిన కోన్లు తెల్లారేసరికి చోటు మారుతుంటే కెమెరా పెట్టి చూశారట, కీయాలే జరుపుతున్నాయి. 2009లో ఈ దారిలోనే ఒక బస్సు సామాను అర నుంచి ఒక పర్యాటకుడి పాస్‌పోర్టును కీయా ఎత్తుకుపోయింది. ఆ తెలివి ముందు మన తాళాలూ గడియలూ ఏపాటివి?

మిల్ఫర్డ్‌లో ఏడాదికి 6 మీటర్లకు పైగా వాన పడుతుంది. అందులో పెద్ద వాటా ఆ రాత్రే పడినట్టుంది. రాత్రి రెండింటికి నా మెడ మీద చుక్క పడి మెలకువ వచ్చింది. దీపం వేసేలోపు చుక్కలు ధారగా మారాయి. కిటికీకి మూడు వైపుల పట్టీ ఉంది, నాలుగో వైపు జానెడు ఖాళీ. ముందు పరుపు మడిచి పక్కకు పెట్టాం, ధార కింద గిన్నె పెట్టాం. నీళ్లు గోడ వెంట దిగి లోపలి దీపాల ఫ్యూజు పెట్టె వైపు వస్తున్నాయని తమ్ముడు చూసి, లోపలి దీపాల బ్యాటరీ మీట కట్టేశాడు. ఆ మీట ఎక్కడుందో వీడియో చూసే తెలుసుకున్నాం. అప్పుడే కీయాల గురించి ఆయన చెప్పిన ఆ మాట కూడా విన్నాం. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, ఏమీ అనుకోలేదు. టార్చి వెలుగులో గిన్నె నిండినప్పుడల్లా వంతులవారీగా పారబోస్తూ తెల్లవార్లూ కూర్చున్నాం.

ఆరు గంటలకు వాన ఆగింది. కిటికీ ఆరాలని మూత కొంచెం ఎత్తాను. శాండ్‌ఫ్లైలు వచ్చాయి. దోమ కన్నా చిన్న నల్ల ఈగ అది. పారే నీళ్లలో పెరుగుతుంది, గుడ్లు పెట్టడానికి రక్తం కావాలి కాబట్టి ఆడది మాత్రమే కుడుతుంది. చిమ్మచీకట్లో రాదు, వెలుగు రేఖ కనబడితే వస్తుంది. కుట్టిన చోట వెంటనే పెద్దగా తెలియదు, మర్నాటి నుంచి వారం రోజులు దురద. తలుపుకు దోమతెర ఉంది, కిటికీకి తెర ఉంది. మేము తెర కూడా తీసి ఆరబెట్టాం. పది నిమిషాల్లో అద్దాల లోపలి వైపు నల్లగా అయిపోయింది. తలుపులన్నీ తీసి బండిని కదిలిస్తే గాలికి పోతాయని పక్కవాళ్లు చెప్పారు. మెల్లగా రెండు చుట్లు తిప్పాం, చాలావరకు పోయాయి. అక్కడి మూలవాసులైన మావోరీల కథ ఒకటి ఉంది. తూ తే రాకి ఫానోవా అనే దేవుడు ఆ కొండలనూ సముద్రపు పాయలనూ చెక్కి ముగించాక, ఇంత అందమైన చోటు చూస్తే మనుషులు పని మానుకుని ఇక్కడే ఉండిపోతారని మృత్యుదేవత హినె నుయి తే పో ఈ ఈగలను వదిలిందట. చేతులు గోక్కుంటూ ఆ కొండల వైపు చూస్తే ఆ కథలో ఒక్క అక్షరం కూడా అనవసరం అనిపించలేదు. జలపాతాలు రాత్రికి రాత్రి వందలయ్యాయి. రాతి గోడ మీద ఎక్కడ చూసినా నీళ్లే.

మరమ్మతు సంగతి చెప్పాలి, ఎవరికైనా పనికి రావచ్చు. టీ ఆనౌకు తిరిగి వచ్చి, అంచంతా గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక, మందపాటి ప్లాస్టిక్ పట్టాను కిటికీ మీద పరిచి నాలుగు వైపులా డక్ట్ టేపు వేశాం. తడి మీద టేపు నిలవదు, అందుకని ఎండ వచ్చేదాకా మూడు గంటలు ఆగాల్సి వచ్చింది. టేపు ముందు అంచును రెండు పొరలు వేయాలి, గాలి అక్కడి నుంచే లేపుతుంది. అద్దె సంస్థకు ఫోటోలు పంపాం. పైకప్పుకూ బండి అడుగు భాగానికీ జరిగే నష్టం చాలా అద్దె బీమాల్లో ఉండదు, మాకూ లేదు. చివర్లో కట్టాల్సినది కట్టాం. పరుపు ఆరడానికి రెండు రోజులు పట్టింది. నాకు ఎక్కువ బాధ కలిగించింది డబ్బు కాదు. ఆ జానెడు రబ్బరు ఇప్పుడు ఒక కీయా కడుపులో ఉందా అన్న ఆలోచన.

ఆ తర్వాత నుంచి నా ధోరణి మారింది. చక్రాల మీద ఇల్లు అనుకుంటూ వచ్చాం. ఇల్లు అనుకుంటే బండి ఆపిన చోటల్లా మన వాకిలి అనిపిస్తుంది. వాకిట్లోకి వచ్చిన పక్షిని పలకరించాలనిపిస్తుంది. కాని ఆ వాకిలి మనది కాదు. ఈ తేడా కాట్లిన్స్ తీరంలో రెండు రోజుల్లో రెండుసార్లు నా కళ్లకు కట్టింది.

క్యూరియో బే దగ్గర 18 కోట్ల ఏళ్ల నాటి అడవి రాయిగా మారి సముద్రపు ఒడ్డున పడి ఉంది. ఆటు వచ్చి నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు దుంగలు, మోళ్లు, వాటి లోపలి వలయాలతో సహా కనిపిస్తాయి. సాయంత్రం పసుపు కళ్ల పెంగ్విన్, మావోరీ మాటలో హొయిహో, పిల్లలకు మేత తీసుకుని సముద్రం నుంచి ఆ రాళ్ల మీదుగానే పొదల్లోని గూటికి నడిచి వెళ్తుంది. ప్రపంచంలో అరుదైన పెంగ్విన్‌లలో ఇదొకటి. 50 మీటర్ల దూరం పాటించాలి. మేము పైన చెక్క వేదిక మీద నిలబడ్డాం. ఎనిమిదిన్నరకు ఒకటి అలల్లోంచి లేచి, ఒళ్లు విదిలించుకుని, ఒక రాతి దుంగ మీద నిలబడింది. అప్పుడే ఒకాయన కెమెరాతో రాళ్ల మీదికి దిగాడు. హొయిహో ఆయన్ను చూసి ఆగింది. రెండడుగులు వెనక్కి వేసింది. తిరిగి నీళ్లలోకి వెళ్లిపోయింది.

ఒడ్డున మనుషులు ఉన్నంతసేపు అది రాదు. పొదలో పిల్ల ఆకలితో కూర్చుని ఉంటుంది. ఈసారి నేను ఆగలేదు. వేదిక అంచు దాకా వెళ్లి ఆయన్ను పిలిచి, గూట్లో పిల్లలున్నాయని, మీరు పైకి వస్తే అది వస్తుందని చెప్పాను. ఆయన వెంటనే వచ్చేశాడు. నిజంగా తెలియదన్నాడు, మొహం చిన్నబోయింది. ముగ్గురం కలిసి చూశాం. నలభై నిమిషాలు పట్టింది. మళ్లీ వచ్చి, అదే దుంగ మీద నిలబడి, ఈసారి ఆగకుండా పొదల్లోకి వెళ్లింది. లోపలి నుంచి సన్నని, తీవ్రమైన అరుపులు వినిపించాయి. హొయిహో అంటే బిగ్గరగా అరిచేది అని అర్థమట.

మర్నాడు పొద్దున బండి కదలలేదు. రాత్రి వానకు గడ్డి నేల మెత్తబడి ముందు చక్రాలు దిగిపోయాయి. వేగం పెంచిన కొద్దీ గుంత లోతయింది. కాళ్ల కింద వేసుకునే రబ్బరు పట్టాలు చక్రాల ముందు పరిచి రెండో గేరులో మెల్లగా ప్రయత్నించాం, పట్టాలు వెనక్కి ఎగిరి పడ్డాయి. చివరికి ఒక రైతు ట్రాక్టరుతో వచ్చి లాగాడు. బరువైన బండిని రాత్రి గడ్డి మీద కాకుండా కంకర మీద నిలపాలి. చెప్పడానికి ఇంతే ఉంది.

సురాట్ బే పేరు వినగానే తమ్ముడు ఆగుదాం అన్నాడు. 1874లో వలస వచ్చేవాళ్లను తెస్తూ దెబ్బతిని అక్కడ ఒడ్డుకు చేరిన ఓడ పేరు సురాట్. పొడవైన ఖాళీ ఇసుక తీరం, అక్కడక్కడా అల తెచ్చి పడేసిన దుంగలు. నడుస్తుంటే ఒక దుంగ మీద ఇసుక లేచింది. మళ్లీ లేచింది. సముద్ర సింహం తన రెక్కతో వీపు మీదికి ఇసుక చల్లుకుంటోంది. మగది, మెడ చుట్టూ నల్లని జూలు. పెద్ద మగవి 400 కిలోలు దాటతాయి. మాకూ దానికీ మధ్య పది మీటర్లు కూడా లేవు, ఉండాల్సింది కనీసం ఇరవై.

అది తలెత్తి, ముందు రెక్కల మీద లేచి, మా వైపు పరుగెత్తింది. పాకుతుందనుకున్నాను. నాలుగు కాళ్ల జంతువులా పరుగెత్తింది. తమ్ముడు వెనక్కి తిరగబోయాడు. నేను వాడి చొక్కా పట్టుకుని, "పరుగెత్తకురా, వెనక్కి అడుగెయ్యి, దాని వైపే చూడు" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఒక్కొక్క అడుగే వెనక్కి వేశాం. ఐదు మీటర్ల దూరంలో అది ఆగింది. నోటి నుంచి చేపల వాసన వచ్చింది. గట్టిగా ఊపిరి వదిలి, మేము ఇంకా జరుగుతున్నామని చూసి, ఇసుకలో ఒరిగి మళ్లీ దుంగలా మారిపోయింది. పెద్ద తీరంలో మేము తప్పుకోగలిగిన చోటు చాలా ఉంది, అది పడుకున్న చోటు ఒక్కటే.

వేట వల్ల ఈ జంతువు ప్రధాన దీవుల తీరాల్లో పిల్లలు పెట్టడం వందేళ్లకు పైగా ఆగిపోయింది. 1993లో ఒక ఆడది ఒటాగో తీరంలో ఈనింది. ఇప్పుడు ఆ తీరంలో పుట్టి తిరుగుతున్నవి చాలావరకు దాని సంతతే. ఒక్క తల్లి దారి తప్పి వచ్చి నిలబెట్టిన వంశం. బండిలోకి వచ్చాక తమ్ముడికి ఈ సంగతి చదివి వినిపించాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మనం దాని తోవకు అడ్డం వెళ్లాం కదక్కా" అన్నాడు.

చివరి రాత్రి ఓమరూలో గడిపాం. తెల్ల సున్నపురాతి భవనాల ఊరు. పెంగ్విన్‌లన్నిటిలో చిన్నది, కొరొరా, కిలో బరువు, సుమారు అడుగు ఎత్తు, చీకటి పడ్డాక గుంపులుగా ఒడ్డుకు చేరి రోడ్డు దాటి గూళ్లకు పోతుంది. 2016లో వాటి కోసం రోడ్డు కింద దారి కూడా కట్టారు. పాత రాతి క్వారీ దగ్గర అవి గట్టెక్కడం చూసి, పదిన్నరకు రేవు పక్కన ఆపిన బండి దగ్గరకు వచ్చాం. తమ్ముడు తాళం తీశాడు. నేను పట్టీ చదివాను. సొరుగులు, గ్యాస్, కిటికీ టేపు, తీగ, మెట్టు. ఆ ఊరికి వచ్చినప్పుడు చేర్చుకున్న ఆరోది: బండి కింద.

వాడు మోకాళ్ల మీద వంగి, ఎర్ర వెలుగు టార్చితో చూసి, చెయ్యెత్తి ఆగమన్నాడు. నేనూ వంగాను. వెనక చక్రానికి ఆనుకుని నీలి వీపు కొరొరా ఒకటి నిలబడి ఉంది, ఇంకా తడిగా. కళ్లు సగం మూసుకుంది. తాళం తీసిన చేతిని తమ్ముడు మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. మేము రోడ్డు అవతలికి వెళ్లి, గోడ మీద కూర్చుని, టార్చి ఆర్పేశాం. గాలి చల్లగా ఉంది. మా బండి పైకప్పు మీద ప్లాస్టిక్ పట్టా అంచు ఒకటి లేచి పడుతూ చప్పుడు చేస్తోంది. గంటా పది నిమిషాల తర్వాత అది చక్రం చాటు నుంచి బయటికి వచ్చి, ముందుకు వంగి, గబగబా అడుగులేస్తూ రాళ్ల సందులోకి వెళ్లింది. తమ్ముడు ఇంకోసారి వంగి చూసి వచ్చాకే తాళం తిప్పాడు.